పరువు తీసిన ఇంగువ డబ్బా

డబ్ల్యూఆర్ఎస్ కాలనీ, రాయ్‌పూర్

అక్కా,

కంగారుపడకు, షాకేమీ కొట్టలేదు. గిటారుకి కంప్రెసర్ పెడల్ ఇంట్లోనే చేశాను, నీ మరదలు పైడమ్మ ఇంగువ డబ్బాలో బిగించి. అది పెద్ద మోతని తగ్గిస్తుంది, సన్న చప్పుడుని పెంచుతుంది. బుద్ధి ఊరుకోక దుర్గ పందిట్లో భజన మైకు కూడా దానికే తగిలించాను. పైడమ్మ పాడుతూ ఊపిరికి ఆగింది. పక్కనే ఉన్న నేను "గేదె నీళ్ళకి ఆగింది" అని పక్కింటి దుర్గారావుతో గొణిగాను. కాలనీ అంతా వినేసింది! బస్, అంతే, అప్పట్నుంచి నాకు ఉత్త పప్పన్నమే.

వాడికి చిన్నప్పట్నుంచీ నోటి దురదేనని, ఈసారికి వదిలెయ్యమని నువ్వే పైడమ్మకి ఒక కార్డు రాయి. కొత్త ఇంగువ డబ్బా కూడా పంపు. బావ మోకాలు ఎలా ఉంది? మునగ కాసిందా?

పైడమ్మ ఇప్పుడు అరవడం మానేసి గొణుగుతోంది. పెడల్ లేకుండానే ప్రతి ముక్కా వినబడుతోంది.

బావకి దండాలు, పిల్లలకి దీవెనలు.

నీ తమ్ముడు
నూకరాజు