చెదరని చుక్క

జనవరి 7, ఆదివారం

నాన్న బిగించిన నట్టు ఇవాళ నా చేతికి తిరిగింది.

ఇంకో ఇంట్లో అయితే ఇది రాసుకునేంత విషయం కాదు. మా నాన్న నలభై ఏళ్ళు పంపుల ఫ్యాక్టరీలో ఫిట్టర్. రిటైరయ్యాక పంపులు పోయి బైకు మిగిలింది. ప్రతి ఆదివారం టిఫిన్ అవగానే వరండాలో పాత చాప పరుస్తాడు. బైకుని స్టాండేసి, కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో చైన్ తుడిచి, నట్టు నట్టూ తడిమి చూస్తాడు. మెకానిక్ అన్న మాట వింటేనే ముక్కు మీదికి కోపం వస్తుంది. బైకు నడిపేది చెల్లి. కర్టెన్ల షాపు తరఫున ఇళ్ళకు వెళ్ళి కిటికీల కొలతలు తీసుకోవడం దాని ఉద్యోగం. రోజుకి అరవై కిలోమీటర్లకు తగ్గదు.

బిగించిన ప్రతి నట్టు మీదా నాన్న నెయిల్ పాలిష్‌తో ఒక చుక్క పెడతాడు. సగం నట్టు మీద, సగం బోల్టు మీద. నట్టు తర్వాత ఏమాత్రం కదిలినా చుక్క రెండుగా చీలుతుంది. ఫ్యాక్టరీలో అలవాటట. పాలిష్ సరఫరా చెల్లిది. దానికి ఏ రంగు మీద మోజు తీరితే ఆ సీసా నాన్నకి వస్తుంది. వంగి చూస్తే మా బండిలో నట్టుకో ఫ్యాషన్.

మధ్యాహ్నం అద్దం సరిచేద్దామని దాని కింది నట్టుకి స్పానర్ పెట్టాను. రెండు వేళ్ళతో తిరిగింది. దాని మీద పొద్దున్నే పెట్టిన మెరూన్ చుక్క. చీలలేదు. అంటే వదులయ్యింది తర్వాత కాదు. వదులుగా ఉండగానే చుక్క పెట్టాడు.

ఎందుకో అనుమానం వచ్చి కాళ్ళు పెట్టుకునే రాడ్ బోల్టు చూశాను. అదీ అంతే.

నాన్న లోపల నిద్రపోతున్నాడు. రెండూ బిగించి, పాత చుక్కలు గీకేసి, కొత్తవి పెట్టి, స్పానర్ గోడకి తగిలించేశాను.

జనవరి 8

అరవై తొమ్మిదేళ్ళు. ఒకసారి మర్చిపోతే ఏమైంది.

జనవరి 14, ఆదివారం

మళ్ళీ. ఈసారి బ్రేకు పెడల్ దగ్గరిది.

నాన్న పడుకున్నాక పిల్లిలా వెళ్ళి అన్నీ చూసి వచ్చాను. నేను ప్రెస్సులో ప్రూఫ్ రీడర్‌ని. తప్పులు పట్టడం ప్రెస్సులో ఉద్యోగం, ఇంట్లో జబ్బు. కానీ సొంత నాన్న తప్పులు పట్టుకోవడం ఇదే మొదలు, ఏదో దొంగతనం చేస్తున్నట్టే ఉంది.

చెల్లికి చెప్పనా? దాని నోట్లో నువ్వుగింజ నానదు. మరుక్షణం నాన్నని పట్టుకుని అడిగేస్తుంది. అమ్మ పోయాక నాన్నకి మిగిలిన పెద్దరికం ఆ చాప మీద రెండు గంటలు. అది కూడా నేనే లాక్కోవాలా?

జనవరి 21, ఆదివారం

మూడు నట్లు.

జనవరి 30

ప్రెస్సులో గొడవ. ఏడో తరగతి లెక్కల పుస్తకంలో ఒక పేజీ మొత్తం తలకిందులుగా అచ్చయింది. చూడాల్సినవాళ్ళం ఒకరికి ఇద్దరం ఉన్నాం. పక్క టేబులాయన నేను చూస్తాననుకున్నాడట. నేను ఆయన చూసేశాడనుకున్నాను. సూపర్‌వైజర్ మా ఇద్దరినీ నిలబెట్టి, ఇకనుంచి ఒక్కరే చూడండి, కనీసం భయంతోనైనా చూస్తారు అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 4, ఆదివారం

ఐదు. వారం వారం పెరుగుతున్నాయి. జబ్బు ముదురుతోందని అర్థం. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. ఏమని తీసుకెళ్ళను?

ఇంకేదీ మర్చిపోవడం లేదు, అదే విచిత్రం. పాలవాడు ఏ రోజు రాలేదో, చెల్లి హెల్మెట్ కొని ఎన్నేళ్ళయిందో అన్నీ చెప్తాడు. నట్లు మాత్రమే మర్చిపోతున్నాడు. నలభై ఏళ్ళు చేసిన పనే ముందు పోతుందేమో. ఏడుపొచ్చింది, వంటింట్లోకెళ్ళి ఏడ్చాను.

ఫిబ్రవరి 11, ఆదివారం

చెల్లి స్నేహితురాలు తన బండి సర్వీసింగుకి ఇస్తే బ్రేకులు సరిగా వెయ్యలేదని వాపోయిందట. చెల్లి గొప్పలు పోయింది. మా బండికి నాన్న చుక్క ఉంటుంది, డాక్టర్ చీటీ కన్నా గట్టిది, కళ్ళు మూసుకుని ఎక్కుతాను అందట. నాన్న ముందే ఈ కథంతా చెప్పింది. నాన్న నవ్వలేదు. తల వంచుకుని అన్నం కలుపుకుంటూ ఉండిపోయాడు.

ఇవాళ ఐదు నట్లు బిగించి వచ్చి ఉన్నాను.

ఫిబ్రవరి 17

ప్రశ్నపత్రాల పనికి నన్ను వేశారు. రేపు వ్యానులో తీసుకెళ్తారు. ప్రశ్నలు బయటికి పొక్కకుండా పదకొండు రోజులు ఒకే భవనంలో తాళం వేసి ఉంచుతారు. ఫోన్లు గేటు దగ్గరే లాగేసుకుంటారు, డైరీ కూడా. వ్యాను సాయంత్రం నాలుగింటికి. నాన్న రెండింటికి పడుకుంటాడు. టైముంది, చూసే వెళ్ళొచ్చు. పై ఆదివారం సంగతి చెల్లికి ఏదో ఒకటి చెప్పాలి.

చెల్లి నెమలిరంగు సీసా నాన్నకిచ్చేసింది. రెండు రోజులకే మొహం మొత్తిందట.

ఫిబ్రవరి 18, ఆదివారం, మధ్యాహ్నం 3

వ్యానులో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతున్నాయి.

నాలుగింటికి అన్నవాళ్ళు రెండుంబావుకే వచ్చారు. హారన్ మీద హారన్. నాన్న అప్పుడే పడుకున్నాడు. నేను బండి దగ్గరికి వెళ్ళలేదు. పొద్దున చైన్ వదులైందని నాన్న వెనక చక్రం నట్టు విప్పి, చక్రం వెనక్కి లాగి, మళ్ళీ బిగించాడు. బిగించడం వంటింటి కిటికీలోంచి చూశాను. అంటే స్పానర్ పట్టుకోవడం చూశాను.

చెల్లి గేటు దాకా వచ్చింది. వెనక చక్రం నట్టు ఒకసారి చూసుకోవే అని నోటి దాకా వచ్చింది. చెప్తే, ఎందుకు అంటుంది. నాన్న గది కిటికీ గేటు పక్కనే. హారన్‌కి మెలకువ వచ్చి ఉంటే వింటాడు.

జాగ్రత్తగా నడుపు అన్నాను. రోజూ చెప్పే మాటే అది. పోవే అని నవ్వింది.

ఏం కాదు. ఒక్క వారం.

ఫిబ్రవరి 29, గురువారం

గేటు దగ్గర ఫోన్ చేతికిచ్చారు. నలభై మూడు మిస్డ్ కాల్స్. అన్నీ ఇరవయ్యో తేదీవి, ఇరవై ఒకటో తేదీవి. ఆ తర్వాత ఒక్కటీ లేదు.

మార్చి 1

చెల్లికి ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు.

మంగళవారం పొద్దున పదిన్నరకి. ఒక అపార్ట్‌మెంటులో కొలతలు తీసుకుని ఇంకో ఇంటికి వెళ్తోంది. చైన్ జారి వెనక చక్రం బిగుసుకుపోయింది. బండి పక్కకి పడింది, దీని కాలు రోడ్డు మీద చాపుకుని ఉంది, వెనక వస్తున్న టెంపో ఆగలేదు. అక్కడే ఒక గుంత కూడా ఉంది. గుంత వల్లే అని అందరూ అంటున్నారు. పోలీసు రాసుకున్నదీ అదే. పక్కింటావిడ ఆ గుంతని తిట్టిన తిట్లు వింటే గుంత పూడిపోవాలి.

చెల్లి నన్ను చూసి, లోపల అన్నం బాగా పెట్టారా అని అడిగింది.

నాన్న మంచం కాళ్ళ దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. నా మొహం చూడలేదు. నేనూ ఆయన మొహం చూడలేదు.

మార్చి 3, ఆదివారం

ట్రాలీ ఆటోలో బండి ఇంటికొచ్చింది. వరండాలో పడేసి వెళ్ళారు. హ్యాండిల్ వంగిపోయింది, ట్యాంకు సొట్టలు.

నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు. పెద్ద స్పానర్ తీసుకుని వెనక చక్రం దగ్గర కూర్చున్నాను. నట్టు మీద నెమలిరంగు చుక్క. ఆ రంగుతో నాన్న సర్వీసు చేసింది ఒకే ఒక్క ఆదివారం. దెబ్బకి చీలి ఉంటే బాగుండునని ఎంత కోరుకున్నానో. చీలలేదు. సగం నట్టు మీద, సగం ఇరుసు మీద, చక్కగా గుండ్రంగా ఉంది.

స్పానర్ పెట్టి రెండు వేళ్ళతో తిప్పాను. తిరిగింది.

ఇప్పుడు చీలింది. నేనే చీల్చాను. గుంత కాదని చెప్పే సాక్ష్యం అదొక్కటే, దాన్ని నా చేత్తో చెరిపేశాను. కావాలని చేశానో చూద్దామని చేశానో నాకే తెలీదు.

మార్చి 4

చెప్పలేదు.

మార్చి 10, ఆదివారం

టిఫిన్ అవగానే నాన్న చాప తీశాడు. ఆ తుక్కు పక్కనే పరిచాడు. నాకు భయమేసింది, మతి పూర్తిగా పోయిందనుకున్నాను. పెద్దమ్మాయ్, ఇలా రా అని పిలిచాడు.

తల ఎత్తకుండా అడిగాడు. ఆ రోజు వ్యాను వచ్చేలోగా వెనక చక్రం నట్టు చూశావా?

నేను చాప అంచు మీద కూలబడ్డాను. ఆయనకి సమాధానం అందింది.

అప్పుడు కుడి చెయ్యి ముందుకు చాపి పిడికిలి బిగించబోయాడు. బిగుసుకోలేదు. వేళ్ళు సగంలో ఆగిపోయాయి. చలికాలం మొదలైనప్పట్నుంచి అంతేనట. నట్టు విప్పడానికి స్పానర్‌కి పైపు తొడిగి కాలితో తొక్కితే సరిపోతుందట, బిగించడం మాత్రం మణికట్టులో ఉంటుందట, ఎంత బిగిసిందో కాలికి తెలియదట. మెకానిక్‌కి ఇద్దామని చెప్పడానికి సిగ్గేసిందన్నాడు.

మర్చిపోవడం కాదు. ఏ రోజూ ఏదీ మర్చిపోలేదు.

ఆయనకి నా సంగతి రెండో వారానికే తెలిసిపోయింది. నేను స్పానర్ నోరు కుడివైపుకి పెట్టి తగిలిస్తానట. ఆయన ఎడమవైపుకి. ముందు అవమానమనిపించిందట, తర్వాత ప్రాణం లేచొచ్చిందట. హమ్మయ్య, పెద్దది చూసుకుంటోంది అనుకున్నాడట. అప్పట్నుంచి చేతికి బరువైన నట్లన్నీ నాకే వదిలేశాడు. నాకు ఏదీ తప్పిపోకూడదని వాటి మీద తప్పకుండా కొత్త చుక్క పెట్టేవాడు.

మూడు ఐదెందుకయ్యాయో ఇప్పుడు తెలిసింది. జబ్బు ముదరలేదు. నేను బిగించే కొద్దీ ఆయన వదిలాడు.

ఆ రోజు నాలుగింటికి లేచి చూస్తే నువ్వు లేవు. చూసే వెళ్ళి ఉంటావనుకున్నాను, చూడకుండా వెళ్ళే మనిషివి కాదు కదా అన్నాడు.

ఆయన చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాను. ఆ కుడి చెయ్యి నా తల మీద పెట్టాడు. బరువే లేదు దానికి.

మార్చి 11

ఎవరు చెప్పాలి? నేను చెప్తానంటాడు నాన్న. పుండు మానేదాకా ఆగుదామన్నాను నేను. సరేనన్నాడు. ఇద్దరం ఒప్పుకున్నాక తట్టింది. మళ్ళీ అదే పని చేస్తున్నాం.

ఈసారి తెలిసి చేస్తున్నాం. అదొక్కటే తేడా.

మార్చి 18

చెల్లి ఇంటికొచ్చింది. చంకకర్రల మీద వరండా మెట్లెక్కి, బండిని చూసి ఆగింది. నాన్నా, నువ్వేం బాధపడకు, నీ సర్వీసింగుకి వంక లేదు, ఆ గుంత నా ఖర్మ అంది. నాన్న గోడ పట్టుకున్నాడు.

మార్చి 24, ఆదివారం

ఇవాళ చెప్పేశాను. నాన్న పక్కనే నిలబడ్డాడు. మెరూన్ చుక్క నుంచి వ్యాను హారన్ దాకా, గేటు దగ్గర నేను మింగేసిన మాటతో సహా. ఏదీ దాచలేదు. చుక్క నేనే చీల్చానని కూడా చెప్పాను.

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. కిటికీలోకి చూస్తూ విన్నది. ఎన్ని వారాలు అని అడిగింది. ఆరు అన్నాను. కొలతల మనిషి కదా, వేళ్ళ మీద లెక్కేసుకుంది. ఆరు వారాలు మీ ఇద్దరూ నా బండి కింద దాగుడుమూతలు ఆడుకున్నారన్నమాట, నేను పైన కూర్చుని ఉండగా, అంది.

తర్వాత నాన్నని మాత్రమే అన్నం తినమంది.

ఏప్రిల్ 2

నాతో మాట్లాడుతోంది. ఉప్పు అందించు, ఫ్యాన్ తగ్గించు, తలుపు వెయ్యి. అక్కా అని మాత్రం పిలవడం లేదు.

ఏప్రిల్ 28, ఆదివారం

పాత సామాన్లవాడు బండి తీసుకెళ్ళాడు. నాన్న చాప కూడా ఇచ్చేశాడు. వరండా ఎంత పెద్దదో ఇన్నేళ్ళూ తెలీలేదు.

జూన్ 9, ఆదివారం

కృత్రిమ కాలు వచ్చింది. చీలమండ దగ్గర నాలుగు స్క్రూలు. నాన్న బిగించాడు. ఆయన చూస్తుండగానే నేను బిగించాను. చెల్లి కాలు మా చేతుల్లోంచి తీసుకుని ఇద్దరినీ బయటికి వెళ్ళమంది. గడియ పెట్టుకుంది. నాలుగూ విప్పి, మళ్ళీ మొదట్నుంచి బిగించుకుంటోంది. వరండాలో నిలబడి నాన్నా నేనూ వింటున్నాం.

చుక్క పెట్టొద్దని లోపల్నుంచే చెప్పింది.