కిరీటంలో సోడా మూత

మార్చి 9, సోమవారం

మా ఊరు మోరిస్‌విల్‌లో ట్రెయిల్ మీద వాకింగ్. బ్రిడ్జి కింద గోడ నిండా ఓ రాజుగారి బొమ్మ, కొత్తగా. సింహాసనాన్ని నలుగురు నడుం వంగిపోయి మోస్తున్నారు. పైన కూర్చున్నాయనేమో ‘అబ్బా, అలసిపోయాను’ అంటున్నాడు, ఇంగ్లీషులో. పడీ పడీ నవ్వాను. పక్కనే ఒకావిడ మాత్రం మండిపడుతూ టౌన్ ఆఫీసుకి ఫోన్ చేస్తోంది.

మార్చి 10

మళ్ళీ వెళ్ళాను. ఈసారి దగ్గరగా చూశాను... నవ్వు రాలేదు. కిరీటంలో ఎడమ పక్క ఎర్ర రాయి — రాయి కాదు, సోడా సీసా మూత, అంచు నొక్కులతో సహా. అది నా కిరీటం! ప్రతి ఉగాదికీ తెలుగు సంఘం నాటకంలో రాజు వేషానికి పెట్టుకునే అట్ట కిరీటం. రాయి ఊడిపోతే ఆ మూత అంటించింది మా అమ్మాయి నిత్య, ఆరేళ్ళప్పుడు.

పొట్ట కూడా నాదే. దొంగపిల్ల.

మార్చి 11

బ్రిడ్జి దగ్గర నోటీసు. గీసినవాళ్ళ మీద కేసు, తెలిసినవాళ్ళు చెప్పాలట. గీసింది నిత్యేనని మా ఆవిడ సుజాతకి చెప్పేశాను. “స్టూడెంట్ వీసా మీదున్న పిల్లండీ... అరెస్టయితే?” మూడేళ్ళ పిల్లగా అమెరికా తెచ్చాం. మా గ్రీన్ కార్డు రాకుండానే దానికి ఇరవై ఒకటి నిండాయి, ఇక మా వీసా కింద ఉండనివ్వరు.

భయమేస్తోంది. గర్వంగా కూడా ఉంది. ఆ రెండోది సుజాతకి చెప్పలేదు.

మార్చి 14

నిత్య కాలేజీ నుంచి ఇంటికొచ్చింది. గోళ్ళ సందుల్లో ఇంకా బంగారు రంగు.

“కోపమా, డాడీ?”

“రాజంటే నేనే దొరికానా నీకు?”

“నాకు తెలిసిన కింగ్ నువ్వే కదా.”

తిట్టాలనుకున్నవన్నీ మర్చిపోయాను.

మార్చి 16

సంఘం ప్రెసిడెంటుగారి ఫోన్. “శనివారం మీ డ్రామాకి టౌన్ కౌన్సిల్ వాళ్ళని పిలిచామండోయ్! ముందు వరసే!”

మార్చి 20, శుక్రవారం

రేపే నాటకం. కొత్త కిరీటం ఆర్డర్ చేశాం, సోమవారానికి గానీ రాదట. “ఆ మూత పీకెయ్యండి చాలు, గోడ మీది కిరీటమని ఎవరూ గుర్తుపట్టరు” అంది సుజాత. నిత్య కూడా, “తీసెయ్ డాడీ, జస్ట్ మూతే కదా” — అని అటు తిరిగి కూర్చుంది.

మూత కింద స్క్రూడ్రైవర్ పెట్టాను. చుట్టూ గమ్ము మరకలు, అందులో చిన్న వేలిముద్ర. స్క్రూడ్రైవర్ తీశాను. మళ్ళీ పెట్టాను.

వంటింట్లోంచి, “అయిందా?”

“ఆఁ... అవుతోంది” అన్నాను.

మూత ఇంకా ఊడలేదు.