కుడి జేబు కుట్టకు

కుర్చీ మీదున్న గోధుమరంగు ప్యాంటు కుడి జేబు కుట్టకు. అలాగే ఉండనీ. సాయంత్రం వచ్చి నేనే కుట్టుకుంటాను.

తప్పు నీ కుట్టుది కాదు, నా మడత కత్తిది. నిన్న పనిలో వైరు తొడుగు ఒలవడానికి మేస్త్రీ నా కత్తి అడిగాడు. దాన్ని జేబుకి తగిలించే క్లిప్పు మీద వేలు పెట్టి, "ఇది క్లిప్పా, ఆకురాయా? నీ జేబు ఎన్నాళ్లు బతుకుతుందయ్యా!" అన్నాడు. ఇన్నాళ్లూ జేబులో వేసుకు తిరిగాను గానీ, ఒక్కసారి తడిమి చూసిన పాపాన పోలేదు.

ఆ క్లిప్పు అంచు గరుకుకాగితంతో రుద్దాను. పాత పర్సు తోలుతో ఒర కుట్టాను, వంకరగా వచ్చింది. ఇకనుంచి కత్తి ఆ ఒరలో, బెల్టుకే ఉంటుంది. జేబులోకి రాదు.

మొన్న మా అమ్మ ముందు, మీ అక్క ముందు "దీని కుట్టు నాలుగు రోజులు ఆగదు" అని నవ్వాను. నువ్వు మళ్లీ సూదిలో దారం ఎక్కించావు. అది తలుచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఆదివారం మీ అక్క వస్తుందిగా, వాళ్లిద్దరి ముందే ఒప్పుకుంటాను.

ఇందాక రెండుసార్లు వంటింటి గుమ్మం దాకా వచ్చాను. వెనక్కి తిరిగి ఈ చీటీ రాస్తున్నాను.

ఇంకో మాట. ఆ ప్యాంటు ఎడమ జేబు కూడా కిందటేడు నువ్వు కుట్టిందే. ఒక్క పోగు లేవలేదు. రోజూ అందులో చెయ్యి పెడుతూనే ఆ మాటన్నాను.