చుట్టు తిరిగి రమ్మనే పొర

అవ్వా,

ఇవాళ మానుకోట కాలేజీలో ఇంధన ఘటం, అదే ఫ్యూయల్ సెల్, పాఠం చెప్పాను. దాని మధ్యలో ఉండే పలుచని పొర హైడ్రోజన్ ప్రోటాన్లను తనలోంచి పోనిస్తుంది, ఎలక్ట్రాన్లను ఆపేస్తుంది. అవి తీగ వెంట చుట్టు తిరిగి పోతూ బల్బు వెలిగిస్తాయి. పిల్లల తలకెక్కలేదు. అప్పుడు దర్వాజలో పీట వేసుకు కూచునే నీ సంగతి చెప్పాను. చిన్నపిల్లలను లోపలికి పోనిచ్చి, పెద్దపిల్లలం మమ్మల్ని మాత్రం ఆపేదానివి.

"చుట్టు తిరిగి దొడ్డిదారిన రాండ్రి. వచ్చేటప్పుడు బాయికాడికెళ్లి బిందెడు నీళ్లు తేండ్రి" అనేదానివి.

క్లాసంతా నవ్వింది.

"పొర ఎండిపోతే ఎట్ల సార్?" అని ఒక అమ్మాయి అడిగింది.

"పని జెయ్యది. చాయి పొయ్యకుంటే మా అవ్వ గూడ గంతే" అన్నాను.

నువ్వు పోయాక అందరం ముందు దర్వాజలోంచే వస్తున్నాం. గోలెంలో నీళ్లు అడుగంటాయి. ఇవాళ నేను దొడ్డిదారిన వచ్చాను, బిందెడు నీళ్లతో.