రమీరో ఎడమ మోకాలు

ఫిబ్రవరి 4, 2003
రమీరో మా ఇంట్లో దిగాడు. మెక్సికో ఫుట్‌బాల్ ఆటగాడు, గోల్స్ కొట్టే ఫార్వర్డ్. ముప్పై నాలుగేళ్ళు. తండ్రి బస్సుల మెకానిక్. పందొమ్మిదో ఏట పెద్ద క్లబ్బు, ఇరవయ్యారో ఏట మోకాలి ఆపరేషన్, తర్వాత చిన్న క్లబ్బులు, చివరికి కోల్‌కతా. ఈ సీజన్‌లో అక్కడా వద్దన్నారు. మిషన్ స్కూల్ జూబిలీ టోర్నమెంట్‌కి పిలిస్తే నర్సీపట్నం వచ్చాడు. విలేకరిని, ఇంగ్లిష్ వస్తుంది కాబట్టి టోర్నమెంట్ కమిటీ అతన్ని నాకు అప్పగించింది.

మా ఆవిడ ఎస్తర్ రాణి మిరపకాయ బజ్జీలు పెట్టింది. ప్లేటు ఖాళీ చేసి, ఇంకా కారం లేదా అని అడిగాడు. ఈయన మనోడేనండీ అని తేల్చేసింది.

ఫిబ్రవరి 5
పదిహేనో తేదీ ఆట చూడ్డానికి గోవా క్లబ్బు మనిషి వస్తున్నాడట. నచ్చితే రెండు సీజన్ల కాంట్రాక్టు. నచ్చకపోతే ఆట ముగిసినట్టే. ఇది చెప్పి ప్యాంటు పైకి మడిచాడు. ఎడమ మోకాలు వాచి ఉంది. సరిగ్గా మడత పడటం లేదు. పేపర్లో రాయొద్దన్నాడు. రాయనన్నాను. ఎస్తర్ వేన్నీళ్ళ కాపడం పెట్టింది.

ఫిబ్రవరి 7
మా పేపర్ డెస్క్ నుంచి ఫోన్. మెక్సికోవాడి మీద స్పెషల్ ఐటెం కావాలట. రేపు అన్నాను. నిన్న కూడా రేపే అన్నాను.

ఫిబ్రవరి 9, ఆదివారం
చర్చిలో ప్రార్థన మనవుల సమయం. ఎస్తర్ లేచింది. అయ్యగారూ, మా యింట్లో ఉన్న రమీరో బాబుకి ఎడం మోకాలు వాసిపోనాదండి, సెనివారం ఆటుంది, సంఘమంతా ప్రార్థన సెయ్యండి అంది. సంఘమంతా వెనక్కి తిరిగి ఆ మోకాలు చూసింది. పాస్టరుగారు అతన్ని ముందుకు పిలిచి మోకాలి మీద చెయ్యి వేశారు. భాష తెలియక అతను నవ్వుతూ నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక ఆ ప్రార్థన దేనికో అతనికి చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

ఎస్తర్ మీద కేకలేశాను. పేపర్లో ఎయ్యొద్దన్నారు, దేవుడికి సెప్పొద్దన్నారేటి అంది. ఆమె దృష్టిలో రహస్యం అంటే అంతే. ముందుగా చెప్పాలని నాకు తోచలేదు.

ఫిబ్రవరి 12
కూరల కొట్టు జోగులమ్మ, రమీరో బాబు మోకాలు ఎలాగున్నాదని అడిగింది. ఇంటికి మూడు రకాల నూనెలు వచ్చాయి. కమిటీ సెక్రటరీ షాలేమ్‌రాజు ధైర్యం చెప్పాడు. ఆ గోవా వోడికి తెలుగొచ్చేటండీ, బెంగెట్టుకోకండి అన్నాడు. నిజమే.

ఫిబ్రవరి 15, రాత్రి 8
సాయంత్రం మాకవరపాలెం జట్టుతో ఆట. గోవా మనిషి ముందు వరసలో కూర్చున్నాడు.

ఆ జట్టులో రమీరోని అడ్డుకోవాల్సినవాడు కొండన్న. చెరకు బళ్ళు తోలే మనిషి. చర్చికి సంబంధం లేదు. నిరుడు ఇతని దెబ్బకి ఇద్దరు ఆటగాళ్ళు మంచం పట్టారు. నా భయమంతా వాడి గురించే.

మొదటి గోల్ ఐదో నిమిషంలో. కొండన్న పక్కనే పరిగెత్తాడు, కాలు పెట్టలేదు. జనం ఈలలు. రెండో గోల్‌కి మరీ పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు. అప్పటికి గోవా మనిషి చప్పట్లు ఆపేశాడు.

హాఫ్ టైంలో రమీరో కొండన్న ఎదుట నిలబడి ఇంగ్లిష్‌లో అరిచాడు. నేను తెలుగులో చెప్పాను. నన్ను ఆపు, కొట్టు అంటున్నాడు. కొండన్న చేతులు జోడించాడు. బాబ్బాబూ, ఊరంతా ఆ కాలు బాగవ్వాలని మొక్కుతుంటే నాను తన్నీమంటారేటండీ, నాను మడిసిని కానా అన్నాడు. ఈ మాటలు రమీరోకి ఇంగ్లిష్‌లో చెప్పాను.

మూడో గోల్‌కి రమీరో చుట్టూ ఎవరూ లేరు.

ఆట అయ్యాక గోవా మనిషి నన్ను అడిగాడు, రమీరో ఎడమ వైపుకి ఎవరూ ఎందుకు పోలేదని. అతన్నే అడగండి అన్నాను. రమీరో సాక్స్ కిందకి లాగి, కట్టు విప్పి చూపించాడు. గోవా మనిషి అతని భుజం తట్టి, కాంట్రాక్టు మాట ఎత్తకుండా కారెక్కాడు.

రమీరో హ్యాట్రిక్ అని వార్త పంపాను. అందులో అబద్ధం లేదు.

ఫిబ్రవరి 16, ఉదయం 6
రమీరో గదిలో లేడు. గ్రౌండుకి వెళ్ళాను. అక్కడ బంతితో రమీరో, అతని ఎదురుగా కొండన్న. మాకవరపాలెం నుంచి ఎలా పిలిపించాడో తెలియదు. ఈసారి కొండన్న తప్పుకోలేదు, కాలు పెట్టాడు. రమీరో పల్టీ కొట్టి పడ్డాడు. నేను పరిగెత్తబోయాను. చెయ్యెత్తి ఆపాడు. నెమ్మదిగా లేచి, బంతి మీద కాలు పెట్టి, తెలుగులోనే అన్నాడు: మళ్ళీ.