ముందు పావుకిలో

అత్తా,

నువ్వు పోయి ఏడాదైంది. ఈరోజు మన గిద్దలూరు దుకాణానికి కొత్త బోర్డు పెట్టాం. కందిపొడికి రంగు ప్యాకెట్లు కూడా వచ్చాయి, అన్నీ కిలోవే. నీ కొడుకు ముచ్చటపడి చేయించాడు.

మొదటగా పొదిలి నుంచి ఒకామె వచ్చి కిలో అడిగింది. కొత్తవాళ్ళు ఎంత అడిగినా నువ్వు పావుకిలోకు మించి ఇచ్చేదానివి కాదు. అప్పట్లో అది మొండితనమనుకునేదాన్ని. ఈరోజు నా నోటికీ అదే వచ్చింది.

“ముందు పావు తీసుకపో వదినా. నచ్చితే మళ్ళా రా.”

నీ కొడుకు కొరకొరా చూస్తుండగానే కొత్త ప్యాకెట్టు కత్తిరించి, నీలాగే కాగితంలో పొట్లం కట్టాను.

ఆమె నవ్వింది. “బోర్డు చూసి ఇది వేరే దుకాణమేమో అనుకున్నా. మొదటిసారి పావుకంటే ఎక్కువ ఇయ్యరని మా అమ్మ చెప్పిన దుకాణం ఇదే. ఇంక కిలో కట్టు.”

కట్టలేదత్తా. పావే ఇచ్చి పంపాను.