మా ఇంట పోసింది ఉమ్మినవాడికి

గిలకలదిండి

గవర్నర్‌పేటలో కూర్చుని విదేశీ మందు రుచి చూసి బాగోగులు చెప్పే సిద్ధార్థకి,

నా పేరు నాంచారమ్మ. వయసు డెబ్బై మూడు. చేపల వ్యాపారం చేసే ఇల్లు మాది. కొడుకు గంగాప్రసాద్, కోడలు సుధామణి, మనవరాలు ఉష. నాకు అక్షరం రాదు. నేను తిడుతుంటే ఉష రాస్తోంది. ఒక్క తిట్టూ తగ్గించనని ఒట్టు వేయించుకున్నాను.

రొయ్యల షావుకారు మావాడికిచ్చిన పాత షాంపేన్ సీసా ఎంత గొప్పదో ఉషని చూడ్డానికొచ్చిన పెళ్ళివారి ముందు చెబుతావని నిన్ను పిలిపించాం. నువ్వేం చేశావు? గ్లాసు వెలుగుకి పట్టి చూశావు, వాసన పీల్చావు, నోట్లో పోసుకుని పుక్కిలించి నా ఇత్తడి చెంబులో ఉమ్మేశావు! మా ఇంట పోసిందాన్ని పగవాడు కూడా ఉమ్మలేదు. పెళ్ళికొడుకు తండ్రి, పామర్రు కాశీరావు గారు, పండుగొప్ప చేప పులుసు ముట్టకుండా అందరినీ లేవదీసుకుని వెళ్ళిపోయారు. ఇంతవరకూ కబురు లేదు. ఈ సంబంధం చెడితే ఆ పాపం నీదే.

మండుతూ,
నాంచారమ్మ

తా.క.: ఆ చెంబు నా పుట్టింటిది.

*

గవర్నర్‌పేట

పెద్దలు నాంచారమ్మ గారికి నమస్కారాలు.

రుచి చెప్పేవాళ్ళం మింగమండీ. మింగితే నాలుగో సీసాకి నాలుక పనిచేయదు. మీ సీసా పదిహేడేళ్ళ నాటిది, మహా గొప్పది. తడిసిన సున్నపురాయి, ఆల్చిప్ప, నిన్నటి రొట్టె, వెనకాల సన్నగా పుట్టగొడుగుల వాసన. ఇంతకన్నా మెచ్చుకోవడం నాకు చేతకాదు. కాశీరావు గారికీ ఇదే రాసి పంపాను.

విధేయుడు,
సిద్ధార్థ

తా.క.: చెంబు కడిగి ఇద్దామనే వంగానండీ. మీరప్పటికే చేపల తట్ట ఎత్తారు.

*

ఒరేయ్ సిద్ధార్థా,

ఆల్చిప్పా? పుట్టగొడుగులా? పాచి రొట్టా? చేపలమ్మేవాళ్ళ ఇల్లు కంపని వియ్యాలవారికే ఉత్తరం రాస్తావా? ఆ మాట పడకూడదనే పొద్దునా సాయంత్రం ఇల్లు కడిగి చస్తున్నాను! మొప్ప ఎత్తి చూసి చేప నిన్నటిదో నేటిదో నేనూ చెబుతాను. కొరికి ఉమ్ముతున్నానా?

ఆదివారం రా. వాళ్ళనీ పిలుస్తాను. అందరి ఎదుటా తాగు, మింగు, "బాగుంది" అను. అంతే. చిప్పలొద్దు, రాళ్ళొద్దు.

నాంచారమ్మ

తా.క.: మిగిలింది ఐసుపెట్టెలో పెట్టానంటుంది కోడలు. తీసి చూస్తే ఖాళీ సీసా. ఉమ్మినట్టు నటించి నువ్వే తాగావుట్రా, దొంగా?

*

అమ్మా,

నేను నోట్లో పోసుకుంది ఒక్క గుక్క. అదీ మీ చెంబులోనే వదిలాను. తట్ట పుచ్చుకుని వెంటపడితే చెప్పులు కూడా వదిలేసి పరుగెత్తినవాణ్ణి, సీసా ఎప్పుడు తాగుతానండీ? ఆదివారం వస్తాను. ఉష పెళ్ళి కోసం మీరేం పోసినా మింగుతాను.

సిద్ధార్థ

తా.క.: నా చెప్పులున్నాయా అండీ?

*

సిద్ధార్థా,

నీ చెప్పులు కుక్క ఎత్తుకుపోయింది. మంచి పని చేసింది.

సీసా దొంగ దొరికాడు. పెళ్ళికొడుకు తల్లి పద్మావతమ్మ నిన్న ఆ దొంగని లాక్కొచ్చి నా ముందు నిలబెట్టింది. మనం చెంబు దగ్గర కొట్లాడుకుంటుంటే, "మా వంశంలో చుక్క ముట్టరు" అన్న పెద్దమనిషి ఐసుపెట్టె దగ్గర మొత్తం పట్టించాడట. విస్తరి ముందు కూర్చుంటే పక్కకి ఒరుగుతానని, "మర్యాద లేని చోట తినం, పదండి!" అని కేకలేస్తూ పోయాడట. సిగ్గుతో కబురు పెట్టలేదట.

"ఎట్టా ఉందయ్యా?" అని అడిగాను. "గుర్తు లేదమ్మా" అన్నాడు. మింగినవాడు ఒక్క ముక్క చెప్పలేడు, ఉమ్మినవాడు కాగితం నిండా చెబుతాడు! మీ ఇద్దరి మీదా నా కోపం అట్టాగే ఉంది.

పెళ్ళి ఖాయం. నువ్వూ రావాలి. పులుసు నేనే వడ్డిస్తాను. ఉమ్మావో, తట్ట పక్కనే ఉంటుంది.

తా.క.: ఎవరా పెద్దమనిషి అని అడక్కు. పరువు గల మనిషి, పేరు నా నోటితో చెప్పను.

నాంచారమ్మ ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
పద్మావతమ్మ
కాశీరావు (తాగింది నేనే)